విమానచోదకులును విత్తనపు గింజలును

పంట యెంత సమృద్ధిగా నున్నను గాదెలోని ధాన్యమంతయు తినివేయు కాపు లేడు. మఱుసటి కారునకు విత్తనములు తీసియుంచును. సేనావిమానములను నడపు చోదకుల విషయమునందును ఈ నీతియే వర్తించుచున్నది. విమానమును ధనమిచ్చి కొనవచ్చును. చోదకుని మాత్రము తరిబీతు చేయవలయును. ఆ తరిబీతు నిచ్చువాడును చోదకుడే.

1948 జూన్ మాసమున సోవియటు ప్రభుత్వము పశ్చిమ బెర్లినునకు రైలుమార్గములను, బాటలను, కాలువలను మూసివేసెను. ఇరువది లక్షలకు మించిన పౌరులకు తిండియు బొగ్గును ఆకాశమార్గమున చేర్చుటకు అమెరికా, బ్రిటిషు ప్రభుత్వములు పూనుకొనెను. 1949 సెప్టెంబరు వఱకు సుమారు 23 లక్షల టన్నుల సరకు చేరినది. ఏప్రిల్ 16వ తేదీతో ముగిసిన ఒక్క దినములోనే 12,941 టన్నులు దిగినవి. చోదకు లలసిపోయిరి. క్రొత్తవారిని సిద్ధపఱచుటకై అమెరికాలోని గ్రేట్ ఫాల్సు స్థావరమున శిక్షణ నేర్పాటు చేసిరి. అచ్చట నిలిపిన ప్రతి విమానమును, ప్రతి శిక్షకుడును ఆనాటి బెర్లినునకు నష్టమే. కాని ఆ నష్టమున కోర్వనిచో మఱుసటి ఋతువున విమానములను నడపువారే యుండరు.

ఎందఱు ఎగురవలెను? ఎందఱు నేర్పవలెను? ఎందఱు విశ్రమింపవలెను? ఇట్టి ప్రశ్నలకు అమెరికా వైమానికదళమున పనిచేసిన గణితవేత్త జార్జి డాంట్జిగు 1947లో సింప్లెక్సు పద్ధతిని కల్పించెను. పది బృందములను పది ప్రయాణములకు పంచు విధములే 36,28,800. ఇరువదింటికి ఆ సంఖ్య 19 అంకెలది. అన్నిటిని పరీక్షించుట అసాధ్యము. కావున విమానములెన్ని, గంటలెన్ని, మనుష్యులెందఱు అను హద్దులను సమీకరణములుగా వ్రాసి, ఒక యేర్పాటునుండి అంతకంటె మేలైన యేర్పాటునకు క్రమముగా సాగి, ఇక మేలైనది లేదని తేలినచోట ఆగుటయే ఆ పద్ధతిలోని కీలకము.

అయినను ఒక హెచ్చరిక యవసరము. లెక్క అడిగినదానికే బదులు చెప్పును. సరకు హెచ్చవలెనని మాత్రమే వ్రాసి, విశ్రాంతిని హద్దుగా వ్రాయనిచో, అది చోదకుని నిద్రనుగూడ ఉచితమైన ఇంధనమువలె వ్యయపఱచును. శిక్షణఫలమును రాబోవు మాసముల లెక్కలో చేర్చనిచో, విత్తనపు గింజలను నేడే వండిపెట్టును. ఆ తప్పిదము గణితమునది కాదు, అధికారులది.

కావున క్రొత్త విమానములకై కోట్ల వ్యయము కోరబడినపుడెల్ల మన పార్లమెంటు సభ్యులు తప్పక అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఒక్కొక్క విమానమునకు చోదకబృందములెన్ని? వానిలో నేర్పుచున్న వెన్ని, విశ్రమించుచున్న వెన్ని? దీనికి సమాధానము లేని వ్యయము, నీరు లేని పొలమునకు ఎడ్లను కొనుటవంటిది.