లేని ఇంటికి కొత్త కర్టెన్లు

కొన్న గౌను మాయదు. సోఫా మీద కాఫీ ఒలకదు. గోడకు మేకు కొట్టినా అడిగేవారుండరు. ‘సెకండ్ లైఫ్’లో కాపురమంటే అదీ!

అమెరికాలోని లిండెన్ ల్యాబ్ సంస్థ 2003లో తెరిచిన కంప్యూటర్ లోకమిది. ఇందులో ఎవరికి వారు ఓ రూపం ఎత్తుతారు. దాని పేరు అవతార్... మన మాటే! ఆ అవతార్‌కి జుట్టు, చెప్పులు, బట్టలు, ఇంట్లోకి మంచాలు, కర్టెన్లు కావాలిగా? వాటిని తయారుచేసేదీ అమ్మేదీ చాలావరకు అక్కడివాళ్లే. చెల్లింపు లిండెన్ డాలర్లలో. వాటిని అసలు డాలర్లుగా మార్చుకోవచ్చు కూడా. అమెరికన్ అపెరల్ 2006లో అక్కడ దుకాణం తెరిచి, మరుసటేడే మూసేసింది. అక్కడి దర్జీల వ్యాపారం మాత్రం ఆగలేదు.

అయితే స్థలానికి అద్దె కట్టకపోతే ముచ్చటగా సర్దుకున్న ఇల్లు లేచిపోతుంది. అసలు లోకమే మూతపడితే? ‘దేర్’ అనే మరో లోకానికి 2010 మార్చిలో అదే జరిగింది. రెండేళ్లకు మళ్లీ తెరుచుకుందనుకోండి!

మరి ఎందుకింత తాపత్రయం? సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసీ పొద్దున్నే వాకిట్లో ముగ్గేయడం లేదూ? సర్దే చేతికి ఇల్లుంటే చాలు. అది తెరమీదిదైనా సరే!