చూరు కింద చుక్కలు!

పొద్దుగూకగానే చూరు కింద నాలుగు దీపాలు వెలిగాయంటే చాలు... పాత ఇంటికైనా కొత్త కళ వచ్చేస్తుంది. గేటు తీసేవారికి మెట్టు కనిపిస్తుంది. గుమ్మంలో నిలబడింది ఎవరో తెలుస్తుంది. కానీ అవి వానకీ గాలికీ ఎదురొడ్డి నిలవాల్సిన దీపాలు. వాటికి వెళ్లే తీగ ఉండేది గోడ బయట. అందుకే అందం సంగతి ఆనక... ముందు చూసుకోవాల్సింది భద్రత!

ఒకప్పుడు ఇంటి ముందు వెలుగంటే గుమ్మం పక్కన గోడలో ఉండే దీపపు గూడే. కాస్త కలిగినవాళ్లింట్లో అయితే వసారా దూలానికి ఓ లాంతరు వేలాడేది. తర్వాత కరెంటొచ్చింది. చూరు కింద రేకు టోపీ పెట్టుకున్న గుండు బల్బు వెలిగింది. దాని కింద అరుగు మీద పిల్లల చదువులూ పెద్దవాళ్ల కబుర్లూ సాగిపోయేవి. ఇప్పుడు పెంకుటిళ్లు తగ్గి డాబాలు పెరిగాయి. చూరు స్థానంలో స్లాబు అంచూ సన్‌షేడూ వచ్చాయి. వాటి అడుగున వరసగా చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు చేరాయి.

ఈ మార్పుకి అసలు కారణం కరెంటు బిల్లే. ఆరు గుండు బల్బులు, ఒక్కోటీ 60 వాట్లది, రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి దాదాపు 65 యూనిట్లు కాలతాయి. అదే 9 వాట్ల ఎల్‌ఈడీలైతే పది యూనిట్ల లోపే! తెల్లటి వెలుగునిచ్చే ఎల్‌ఈడీకి దారి తీసింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2015లో, మనదేశంలో ‘ఉజాలా’ పథకం మొదలై చవక ధరకే ఎల్‌ఈడీ బల్బుల్ని ఇంటింటికీ చేర్చింది. ‘ఖర్చు తక్కువే కదా, బయట కూడా నాలుగు పెట్టిద్దాం’ అనే ఆలోచన అక్కణ్నుంచే ఊపందుకుంది.

దండెం దగ్గర జాగ్రత్త

మన ఇళ్లలో చూరు కింద ఉండేది దీపం ఒక్కటే కాదు. బట్టలు ఆరేసే దండెం కూడా అక్కడే కడతారు. చాలా ఇళ్లలో అది జీఐ తీగే. దీపానికి వెళ్లే వైరు పైతొడుగు ఎండకి పెళుసెక్కి చిట్లడం, వాన రోజున ఆ చోటు తడిసి దండేనికో రేకుల కప్పుకో తగలడం... అంతే, తీగంతా కరెంటు పాకుతుంది. తడి బట్ట చేత్తో పట్టుకుని దండెం ముట్టుకున్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. వానాకాలంలో ఇలాంటి విషాదం ఏదో ఒక ఊళ్లో జరిగిందన్న వార్త చదువుతూనే ఉంటాం.

‘ఎంసీబీ ఉందిగా, పడిపోతుందిలే’ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఎంసీబీ ఉన్నది వైర్లని కాపాడటానికి. 6 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారితేనే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు కూడా చాలు. ఆ పని చూసుకునేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి వస్తోందా అని అది కనిపెట్టి చూస్తూ ఉంటుంది. ఎక్కడో భూమిలోకి లీకవుతోందని తెలిస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మనుషుల రక్షణకి పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల రకం. చూరు దీపాల లైను దాని గుండా వెళ్లేలా చూసుకోవాలి. దాని మీద ‘టి’ అక్షరంతో ఉండే చిన్న బటన్‌ని నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడాలి. పడకపోతే... అది ఉన్నా లేనట్టే!

దండేన్ని దీపాలకు దూరంగా మార్చేయడం, జీఐ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టడం పెద్ద ఖర్చేం కాదు. దీపాలు పెట్టించే రోజే ఆ పనీ పూర్తిచేస్తే ఇంటిల్లిపాదికీ నిశ్చింత.

రెండంకెల రహస్యం

దుకాణంలో దీపం కొనేటప్పుడు వెలుగూ ధరా చూసి సరిపెట్టుకోకూడదు. పెట్టె మీద ‘ఐపీ’ అనే అక్షరాలూ వాటి పక్కన రెండంకెలూ ఉంటాయి. మొదటి అంకె దుమ్ము సంగతి చెబుతుంది, రెండోది నీటి సంగతి. ఐపీ 20 అని ఉంటే అది హాల్లో పెట్టుకునే దీపం, బయట పనికిరాదు. ఐపీ 44 అయితే నీటి తుంపర్లకి తట్టుకుంటుంది. బాగా లోపలికి ఉన్న వరండాకి అది సరిపోతుంది. ఐపీ 65 అయితే దుమ్ము లోపలికి దూరదు, పైపుతో నీళ్లు చిమ్మినా ఇబ్బంది ఉండదు. మన సన్‌షేడ్‌లు రెండడుగులకి మించవు. ఈదురుగాలితో వాన పడితే జల్లు ఏటవాలుగా వచ్చి గోడ దాకా కొడుతుంది. అందుకని ఐపీ 65 రకమే మేలు. సముద్రం దగ్గరుండే ఊళ్లలో అయితే ఉప్పు గాలికి మామూలు మరలు ఇట్టే తుప్పు పట్టేస్తాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు మరలు అడిగి తీసుకోవాలి.

ఒంటి మీద లోహం ఉన్న దీపానికి ఎర్తింగు తప్పనిసరి. అంటే దాని దాకా వెళ్లాల్సింది రెండు వైర్లు కాదు, మూడు. ‘చిన్న లైటుకి ఎర్తెందుకు సార్’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సన్‌షేడ్ కింద గాడి చూశారా?

సరిగ్గా కట్టిన సన్‌షేడ్ అడుగున అంచు వెంబడి ఓ సన్నటి గాడి ఉంటుంది. మేస్త్రి అది అందం కోసం పెట్టలేదు. వాన నీరు అంచు మీంచి జారి, అడుగుభాగం పట్టుకుని గోడ వైపు పాకుతూ వస్తుంది. ఆ గాడి దగ్గర ఆగి చుక్కలుగా కింద పడిపోతుంది. దీపం ఎప్పుడూ ఆ గాడికి లోపలి వైపే ఉండాలి. గాడిని పూడ్చేసి అందులోంచే వైరు లాగితే నీళ్లు తిన్నగా దీపంలోకి దారి చేసుకుంటాయి.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకి పని సులువు. స్లాబు పోయకముందే పైపులూ పెట్టెలూ పెట్టించుకుంటే వైరు బయటికి కనిపించదు. కట్టేసిన ఇంట్లో మాత్రం దీపాన్ని దింపడానికి స్లాబు అడుగు చెక్కించకూడదు. ఇనుప చువ్వల మీద ఉండే సిమెంటు పొర పలచనిది. అది ఊడితే చెమ్మ చేరి చువ్వ తుప్పు పడుతుంది, తర్వాత పెచ్చులూడతాయి. పైన బిగించే రకం దీపాలు తీసుకుని, పీవీసీ పైపులోంచి వైరు తెచ్చుకోవడమే మంచిది. వైరు దీపంలోకి వెళ్లేచోట దాన్ని కాస్త కిందికి వంపు తిప్పి పైకి తీసుకెళ్లాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పెంకుటిల్లయితే ఎలుకలూ ఉడతలూ వైర్లు కొరికేస్తాయి కాబట్టి వాసాల మీద వైరుని వట్టిగా వదలకూడదు. అక్కడా పైపు ఉండాల్సిందే.

వెలుగు నేల మీద... కళ్లలో కాదు

ఎక్కువ వెలుగుంటే దొంగల భయం ఉండదనుకుని కొందరు పెద్ద ఫ్లడ్‌లైటు పెట్టేస్తారు. దానివల్ల జరిగేది తిరగబాటు వ్యవహారం. కాంతి కళ్లలో కొడితే దాని వెనకున్న చీకటి మరింత చిక్కగా కనిపిస్తుంది. గేటు దగ్గరున్న మనిషి మొహం పోల్చుకోలేం. కంటిచూపు మందగించిన తాతయ్యకి మెట్టే కనిపించదు. ఎదురింటివాళ్లకి నిద్ర ఉండదు.

చూరు దీపం మూతి నేలవైపు ఉండాలి. చూరు పదడుగుల ఎత్తులో ఉంటే దీపానికీ దీపానికీ మధ్య ఐదారు అడుగుల ఎడం ఉంచితే నేలంతా వెలుగు సమంగా పరుచుకుంటుంది. ఒక్కోటీ ఐదు నుంచి తొమ్మిది వాట్లుంటే చాలు. ఇల్లు చుట్టూ పెట్టక్కర్లేదు. గుమ్మం, మెట్లు, పెరటి తలుపు, బోరు మోటారు దగ్గర... ఈ నాలుగు చోట్లా ఉంటే సగం పని అయినట్టే. మిగతాచోట్ల మనిషి కదలికకి వెలిగే సెన్సర్ దీపం పెట్టుకోవచ్చు.

రంగు కూడా చూసుకోవాలి. తొలకరి పడిన రాత్రి తెల్లటి దీపం వేస్తే ఉసిళ్లు ముసిరేస్తాయి, వాటి వెనకే బల్లులు. పురుగులు వెలుగు చుట్టూ ఎందుకు తిరుగుతాయన్న దాని మీద 2024లో ఓ పరిశోధన వెలువడింది. ఎగిరే పురుగులు వెలుతురున్న వైపుని ఆకాశం అనుకుని వీపు అటు తిప్పుకుంటాయట. అందుకే దీపం దాటి పోలేక దాని చుట్టూనే గిరికీలు కొడతాయి. నీలం పాలు ఎక్కువుండే తెల్లటి కాంతికి అవి ఎక్కువగా వస్తాయి. పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్న పసుపు వన్నె దీపాలైతే బెడద తగ్గుతుంది. 6500 అని ఉన్నవి బయటికి వద్దు.

తీరం వెంబడి ఇళ్లున్నవాళ్లు మరో మాట గుర్తుంచుకోవాలి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురున్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి. ఆ రోజుల్లో ఇసుక వైపు దీపాలు ఆర్పేస్తే అవి దారి తప్పవు. అలాగే చూరులో పిచ్చుక గూడు ఉంటే... ఆ మూలని చీకటిగానే వదిలేస్తే మంచిది.

పండగ వస్తే

దీపావళికి సీరియల్ సెట్లు, డిసెంబరులో క్రిస్మస్ నక్షత్రం, పెళ్లికి రంగు దీపాలు... అన్నీ కట్టేది చూరుకే. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికి లాగి మెట్ల మీద పడేయడం మనకో అలవాటు. దాని మీద ఓ వాన జల్లు పడితే పండగ కాస్తా ప్రమాదమవుతుంది. ఎలాగూ పని చేయిస్తున్నప్పుడే చూరు కింద మూత ఉన్న ఓ ప్లగ్ పాయింటు పెట్టించుకుంటే ఏటా ఆ తిప్పలుండవు. అదీ ఆర్‌సీసీబీ లైనులోంచే రావాలి.

ఈ పనంతా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. చెడిన దీపం ఒక్కటీ మార్చుకోవాలన్నా మెయిన్ కట్టేయకుండా నిచ్చెన ఎక్కకూడదు. గోడ దగ్గరి స్విచ్చి ఆపితే చాలదు. ఎక్కేది ఇనుప నిచ్చెన కాకూడదు, కింద పట్టుకోవడానికి ఒకరుండాలి. పని పూర్తయ్యాక డబ్బులిచ్చేముందు ఓసారి ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూపించమనండి. చీకటి పడ్డాక గేటు బయట నిలబడి ఇంటివైపు చూడండి. దీపం కాకుండా గుమ్మం కనిపిస్తోందా... అయితే పని కుదిరినట్టే!