మెట్ల కింద పన్నెండు ఇంచులు

ఒక సెంటు స్థలమంటే 435.6 చదరపు అడుగులు. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల స్థలాల పథకంలో ఆంధ్రప్రదేశ్‌లోని పట్టణ పేదలకు దక్కింది అంతే, అందులో లేచిన ఇల్లు 340 చదరపు అడుగులు. పట్టా ఇళ్ల సంగతే కాదు, తిరుపతిలో అప్పో సప్పో చేసి రెండు సెంట్లు కొనుక్కున్నవాళ్లదీ ఇంచుమించు ఇదే ఇరుకు. కింద తాము ఉంటారు, పైన ఒక పోర్షన్ అద్దెకిస్తారు. పైకి పోయే మెట్లు ఇంటి పక్క నుంచి వేస్తారు. ఆ మెట్ల కింద మిగిలిన మూలను ఊరికే వదిలెయ్యడానికి మనసొప్పదు గనక అక్కడొక టాయిలెట్ వెలుస్తుంది. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఒక పక్కకు వాలిన కప్పు. స్నానాలగది, టాయిలెట్ కలిపి కడితే కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. మెట్ల కింద దక్కేది అందులో సగం.

కమోడ్ ఉంటుంది, బకెట్ ఉంటుంది, మోకాలెత్తులో ఒక కొళాయి ఉంటుంది. చేతులు కడుక్కునే బేసిన్ మాత్రం ఉండదు. లోపలికి పోయినవాళ్లు బయటికొచ్చి వంటింటి సింకు దగ్గరికో, వాకిట్లోని కొళాయి దగ్గరికో పోవాలి.

పెరడు, జలదారి, తొట్టి ఉన్న రోజుల్లో ఈ లోటు ఎవరికీ తెలియలేదు. చెంబుతో ముంచుకుని కడుక్కుంటే ఆ నీళ్లు అరటిచెట్టుకు పోయేవి. అయితే చెంబుతో ఒక చిక్కుంది. ఒక చేత్తో చెంబు పట్టుకుంటే రెండో చేతికి సబ్బు రుద్దేదెలా? ఇంకెవరైనా పొయ్యాలి, లేదా మురికి చేత్తోనే చెంబు పట్టాలి. రెండు చేతులనూ ఒకేసారి విడిపించింది కొళాయి. ఆ నీళ్లు ఒంటిమీద చిందకుండా పట్టేది బేసిన్. ఇక చేతులు కడగడం ఎంత ముఖ్యమంటారా, 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కాన్పుల వార్డు డాక్టర్ల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించి, బాలింతల చావులు ఎంతగా తగ్గుతాయో లెక్కలతో చూపించాడు. తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు, అది వేరే కథ. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్‌లో పల్లెటూరి మరుగుదొడ్డికి ఇచ్చే 12,000 రూపాయల్లో చేతులు కడుక్కునే నీళ్ల ఏర్పాటు ఖర్చూ కలిసే ఉంది. కాగితం మీదున్న ఆ ముక్క గోడ మీదికి ఎక్కడం అరుదు. 2020లో కరోనా వచ్చాకే గేటు పక్కన, వరండాలో చిన్న బేసిన్లు కనిపించసాగాయి. అక్కడ తగిలించినవాళ్లకు మెట్ల కింద కూడా ఎందుకు పెట్టకూడదన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఈ తెల్ల గిన్నె పుట్టిల్లు చిత్తూరుకు దూరమేమీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రం. పాలారు ఒడ్డున ఉన్న రాణిపేట కూడా ఆ జిల్లాలోదే. చిత్తూరులో రోడ్డెక్కితే గంట ప్రయాణం. ఎరువుల ఫ్యాక్టరీతో అక్కడ పాతుకున్న ప్యారీ కంపెనీ 1952లో శానిటరీ సామాను తయారీ మొదలుపెట్టింది. దక్షిణాది ఇళ్లలో ప్యారీవేర్ అన్న పేరు అలా స్థిరపడింది. తర్వాత ఆ బ్రాండు స్పెయిన్‌కు చెందిన రోకా చేతికి వెళ్లింది. ఇవాళ తిరుపతి శానిటరీ షాపుల్లో దాని పక్కనే హింద్‌వేర్ ఉంటుంది, సెరా ఉంటుంది, గుజరాత్‌లోని థాన్‌గఢ్ నుంచి లారీల్లో దిగే చౌకరకం సరుకూ ఉంటుంది.

తయారయ్యే తీరు చూడదగ్గది. చైనా క్లే, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి నీళ్లతో కలిపి దోసెపిండిలా జారుడుగా చేస్తారు. దాన్ని ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చులో పోస్తారు. అచ్చు తనకు తగిలిన పిండిలోంచి నీళ్లు పీల్చుకుంటుంది, గోడల వెంట మట్టి గట్టిపడుతుంది. కావలసిన మందం రాగానే మిగతా పిండి ఒంపేస్తారు. ఆరబెట్టి, గ్లేజు పూసి, 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి మట్టి రేణువుల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. అందుకే పూలకుండీ నీళ్లు పీలుస్తుంది, బేసిన్ పీల్చదు. ఈ దారిలో వస్తువు సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. అంటే షాపులో 18 ఇంచులున్న బేసిన్ అచ్చులో 20 ఇంచుల దాకా ఉండి ఉంటుంది. నాలుగు బేసిన్లు కొలిస్తే ఒకదానికొకటి కాస్త తేడా వచ్చేది ఇందువల్లే. బోల్టుల రంధ్రాలు గోడకు పెట్టేముందు చేతిలో ఉన్న బేసిన్‌నే కొలవాలి, క్యాటలాగును కాదు.

నిజానికి ఈ కథలో గొప్ప వస్తువు గిన్నె కాదు, దాని కింద దాగిన వంపు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే స్కాట్లండ్ గడియారాల మేస్త్రీ టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మలం పోయే గొట్టాన్ని ఎస్ అక్షరంలా వంచడం అందులోని కీలకం. వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. పైనుంచి వచ్చే నీళ్లకు అవి దారి ఇస్తాయి, కింది నుంచి వచ్చే గాలికి ఇవ్వవు. కదిలే భాగం ఒక్కటీ లేని తలుపు అది. రెండున్నర శతాబ్దాలు గడిచినా దాన్ని మించినది రాలేదు. బేసిన్ కింద క్రోమియం మెరుపుతో వేలాడే బాటిల్ ట్రాప్ ఆ వంపుకు తోబుట్టువే. రెండు మూడు ఇంచుల నీళ్లు ఇంట్లోకి మురికిగాలి రాకుండా కాపలా కాస్తాయి.

మెట్ల కింద మొదటి చిక్కు తలతోనే వస్తుంది. మెట్టు ఎత్తు ఏడు ఇంచులనుకుంటే పదో మెట్టు 70 ఇంచుల ఎత్తులో ఉంటుంది. స్లాబు మందం తీసేస్తే కింద మిగిలేది ఐదడుగుల చిల్లర. కమోడ్ మీద కూర్చునేవాళ్లకు ఆ ఎత్తు చాలు, నిలబడేవాళ్లకు చాలదు. కాబట్టి కప్పు దిగే వైపు కమోడ్, కప్పు లేచే వైపు, అంటే తలుపు దగ్గర, బేసిన్. షాపుల్లో ‘పద్దెనిమిది–పన్నెండు’ అని అడిగేది 18 ఇంచుల పొడవు, 12 ఇంచుల వెడల్పు ఉన్న బేసిన్. పొడుగు వైపు గోడకు ఆనిస్తే మూడడుగుల గదిలో మనిషికి రెండడుగులు మిగులుతుంది. అది కూడా తలుపు బయటికి తెరుచుకుంటేనే. లోపలికి తెరుచుకునే తలుపైతే కీళ్లు మార్చే ఖర్చు బేసిన్ ఖర్చులో కలిపి చూసుకోవాలి. మూలకు అతికే త్రికోణం బేసిన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పక్కపక్క గోడలు సరిగ్గా 90 డిగ్రీల్లో కలవాలి. మెట్ల కింద గోడ మూలమట్టానికి కుదరడం మేస్త్రీ చలవ. మొహం కడుక్కోవడానికి ముందుకు వంగితే నడుము వెనక గోడకు తగులుతుంది. ఇది చేతుల బేసిన్, మొహం బేసిన్ కాదనుకుంటే తగాదా లేదు. పైఅంచు నేలకు 32 ఇంచుల ఎత్తులో ఉంటే పెద్దలకు సరిపోతుంది.

బేసిన్ ధర చూసి భయపడేవాళ్లు లేరు. బ్రాండు లేని చిన్నది వెయ్యి రూపాయల లోపే వస్తుంది. జేబు చిల్లుపడేది టైల్స్ పగలగొట్టినప్పుడు. అందుకే తెలిసిన ప్లంబరు గోడ జోలికి పోడు. కమోడ్ ట్యాంకుకు నీళ్లిచ్చే యాంగిల్ కాక్ విప్పి, అక్కడ టూ-వే యాంగిల్ కాక్ బిగిస్తాడు. ఒక మూతి ట్యాంకుకు, ఇంకో మూతి కనెక్షన్ పైపుతో బేసిన్ కొళాయికి. దూరం ఎక్కువైతే అర ఇంచు సీపీవీసీ పైపు గోడ మీదే క్లాంపులతో నడిపిస్తాడు. అందం తక్కువే, అయితే లీకైతే కనబడుతుంది. గోడ నాలుగున్నర ఇంచులదైతే మామూలు ప్లగ్గులు నమ్మకూడదు. పిల్లలు బేసిన్ అంచు పట్టుకుని వేలాడతారు. అటు పక్కదాకా తూట్లు వేసి, వాషర్లతో బోల్టులు బిగించడం మేలు.

వాడిన నీళ్లకు చౌకదారి నేలలోని నహానీ ట్రాపే. బేసిన్ వేస్ట్ పైపును దాని జాలీలోకి దింపుతారు. చాలామంది ఇది నాసిరకం పని అనుకుంటారు, కానీ మెట్ల కింద ఇదే మంచిది. ఎప్పుడో ఒకసారి వాడే టాయిలెట్‌లో నేల ట్రాపుకు నీళ్లు అందవు. తిరుపతి ఎండలకు అందులో నిలిచిన నీళ్లు ఆవిరైపోతాయి, గది కంపు కొడుతుంది, ఇంటివాళ్లు ఫినాయిల్ మార్చి చూస్తారు. బేసిన్ నీళ్లు ఆ ట్రాపులోనే పడుతుంటే నీటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆ తలుపు తెరుచుకుంటే కంపుతోనే పోదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో మూడొందల మందికి పైగా సార్స్ సోకింది. దర్యాప్తులో బయటపడ్డ కారణాల్లో బాత్రూం నేల ట్రాపులు ఎండిపోవడం ఒకటి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు డ్రైనేజీ గొట్టంలోని తుంపరలు ఆ దారిన గదుల్లోకి వచ్చాయి. అందుకే వేస్ట్ పైపును ట్రాపు తప్పించి నేరుగా బయటి ఛాంబరులోకి వదిలి, బేసిన్ కింద కూడా వంపు పెట్టకపోతే ఆ ఇంట్లో కాపలా లేనట్టే.

ఈ వంపు ఆపలేనిదీ ఒకటుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు నేల లోపల నీళ్ల ఒత్తిడి ఎంత పెరిగిందంటే, ఒక ఇంట్లో సిమెంటు ఉంగరాలతో కట్టిన సంపు శుభ్రం చేస్తుండగా అమాంతం భూమిలోంచి పైకి లేచింది. నీళ్లు తోడేసిన సంపు తేలికై, చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని పైకి నెట్టాయి. ఆర్కిమెడిస్ సూత్రం తప్ప ఇంకేం కాదు. అలాంటి వానలకే వీధి డ్రైనేజీ కూడా ఇంటి నేలకన్నా ఎత్తుకు నిండితే ట్రాపులో మురికినీళ్లు వెనక్కి తన్నుతాయి. పల్లపు వీధుల్లో ఇల్లున్నవాళ్లు బయటి ఛాంబరు దగ్గర నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టుకోవాలి.

జపానులో ఇంకో ఉపాయం ఉంది. కమోడ్ ట్యాంకు మూతనే చిన్న గిన్నెగా చేసి, దాని మీద కొళాయి పెడతారు. ఫ్లష్ చేయగానే ట్యాంకు నిండాల్సిన నీళ్లు ముందు చేతుల మీదుగా పోతాయి. స్థలమూ కలిసొస్తుంది, నీళ్లూ కలిసొస్తాయి. తాగునీటి కోసం కల్యాణి డ్యాంలో నీళ్లెన్ని ఉన్నాయో వాకబు చేసే తిరుపతికి ఇది చక్కగా అతుకుతుంది. అయితే కమోడ్‌కు అడ్డంగా వంగి చేతులు చాచాలి, ఫ్లష్ చేయకుండా చేతులు కడగలేం. గొంతుక్కూర్చునే ఇండియన్ కమోడ్ ఉన్న టాయిలెట్లలో ట్యాంకే ఉండకపోవచ్చు.

చివరి తకరారు కొళాయిది. ఓవర్‌హెడ్ ట్యాంకు రెండో అంతస్తు మీద ఉంటే కింది కొళాయికి ఏడెనిమిది మీటర్ల నీటి ఒత్తిడి వస్తుంది. లోతు లేని చిన్న గిన్నెలో ఆ ధార పడితే లుంగీ తడుస్తుంది. ఖరీదైన కొళాయి కొన్నా ఇది తప్పదు. కింద యాంగిల్ కాక్ సగం తిప్పి ఉంచితే చాలు. ధారను నురగగా చీల్చే ఫోమ్ ఫ్లో మూతి కూడా పనిచేస్తుంది. కాకపోతే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నాళ్లకు జల్లెడ కళ్లు తెల్లగా పూడిపోయి ధార పక్కకు తిరుగుతుంది. విప్పి నిమ్మరసంలో నానేస్తే ఆ సున్నం బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. తీసి, కడిగి, చేత్తోనే బిగించాలి. పానాతో బిగిస్తే చౌకరకం కొళాయి మరలు అరిగిపోతాయి.