ద్విఘాత ఇంజనులో శక్తి కవాటము

రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్ళలో కొన్ని నెమ్మదిగా పోవునపుడు నీరసముగా నడచి, ఒక వేగము దాటగనే ఒక్క ఉదుటున ముందుకు దూకును. ఇంజను అదే, పెట్రోలు అదే. మరి ఈ భేదమునకు కారణమేమి? సిలిండరు గోడలోని ఒక రంధ్రపు పై అంచు ఎంత ఎత్తున నున్నదను విషయముపై ఇది చాలవరకు ఆధారపడియుండును.

ఈ ఇంజనులో పిస్టనే తలుపు పని చేయును. అది క్రిందికి దిగుచు మొదట పొగ వెలువడు ద్వారమును, పిదప క్రొత్త మిశ్రమము వచ్చు ద్వారములను తెరచును. పైకి పోవునపుడు మిశ్రమ ద్వారములు ముందు మూతపడును. పొగ ద్వారము చివర మూతపడును. ఈ మధ్యకాలములో క్రొత్త మిశ్రమము కొంత కాలకయే పొగ వెంట బయటికి జారిపోవును.

దీనిని అరికట్టు ఉపాయమును 1950 ప్రాంతముల తూర్పు జర్మనీలో ఎం.జెడ్. సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్ చక్కగా వృద్ధిచేసెను. పొగగొట్టమును మధ్య ఉబ్బుగను, చివర సన్నముగను చేసినచో, పొగతో బయలుదేరిన పీడన తరంగము ఆ సన్నని భాగమునుండి ప్రతిధ్వనివలె తిరిగివచ్చి, పారిపోవు మిశ్రమమును లోనికి నెట్టును. 1961 నాటికి ఆయన 125 ఘన సెంటీమీటర్ల పందెపు ఇంజను సుమారు 25 అశ్వశక్తుల నిచ్చినది.

ఒక చిన్న లెక్క

పొగ ద్వారము అర చుట్టు కాలము తెరచియుండు ననుకొందము. నిమిషమునకు 9,000 చుట్లు తిరుగునపుడు అర చుట్టునకు పట్టు కాలము సెకండులో 300వ వంతు, అనగా 0.0033 సెకండు. వేడి పొగలో తరంగవేగము సెకండునకు సుమారు 500 మీటర్లు. అది 0.8 మీటరు పోయి తిరిగివచ్చుటకు 0.0032 సెకండు పట్టును. అనగా ద్వారము మూతపడబోవు సమయమునకు సరిగా చేరును.

3,000 చుట్ల వద్దనో ద్వారము 0.01 సెకండు తెరచియుండును. తరంగము ఆ కాలములో మూడవ వంతుకే వచ్చి, లోనికి రావలసిన మిశ్రమమునకే అడ్డుతగులును. మూయువేళకు దాని సహాయముండదు. పెట్రోలు వృథా యగుటయే గాక, కాలని ఆవిరి వీధి గాలిలో కలియును.

కావున వేగమునుబట్టి ద్వారపు పై అంచు మారవలెను. శక్తి కవాటము చేయు పని ఇదియే. తక్కువ వేగమున అది అంచును క్రిందికి దించును. అపుడు ద్వారము ఆలస్యముగా తెరచుకొని త్వరగా మూతపడును. కాలిన వాయువు పిస్టనును మరికొంత దూరము నెట్టును. క్రొత్త మిశ్రమము ఎక్కువగా నిలుచును. వేగము హెచ్చినపుడు కవాటము తొలగి, ద్వారము పూర్తి ఎత్తున తెరచుకొనును. యమహా సంస్థ దీనిని 1977లో 500 తరగతి పందెపు బండిలో వాడి, 1983లో రోడ్డుపై నడుచు ఆర్‌డి 350 లోనికి తెచ్చెను. మన దేశమున 1983లో వెలువడిన రాజ్‌దూత్ 350లో గాని, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100లో గాని ఇది లేదు.

సర్దుబాటు

యమహా పద్ధతిలో ద్వారమునకు పైన అడ్డముగా ఒక గుండ్రని కడ్డీ యుండును. దానిలో ద్వారపు ఆకృతికి తగిన గంటు కలదు. చిన్న విద్యుత్ మోటారు రెండు కేబుళ్ళతో ఒక కప్పీని లాగి కడ్డీని త్రిప్పును. కప్పీపై గుర్తు నిర్ణీత స్థానమునకు వచ్చునట్లు కేబుళ్ళను సరిచేయవలెను. ఒకటి వదులైనచో కవాటము పూర్తిగా తెరచుకొనక శక్తి తగ్గును, లేక పూర్తిగా మూతపడక తక్కువ వేగమున నీరసించును.

రోటాక్స్ పద్ధతిలో పొగ పీడనమే ఒక రబ్బరు పొరను నెట్టి పలకవంటి కవాటమును పైకెత్తును. స్ప్రింగు దానిని ఎదిరించును. పై మరను లోనికి త్రిప్పినచో స్ప్రింగు బిగిసి, కవాటము ఎక్కువ వేగమున తెరచుకొనును; వెలికి త్రిప్పినచో ముందే తెరచుకొనును.

అయితే మరను త్రిప్పుటకు ముందు మసిని చూడవలెను. పెట్రోలుతో కలసి కాలిన నూనె కవాటముపై మసిగా గట్టిపడి దానిని కదలనీయదు. ఇంజను చల్లారిన పిదప కవాటమును విప్పి, శుభ్రపరచి, వ్రేలితో సులభముగా కదలుచున్నదో లేదో చూచి, ఆ తరువాతనే తయారీదారు చెప్పిన కొలతకు సర్దవలెను. పరీక్షకై ఇంజనును మూసిన గదిలో నడపరాదు; పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాపాయకరము.

కొందరు ఈ మరను ఎక్కువ త్రిప్పినకొలది ఎక్కువ శక్తి వచ్చునని తలంతురు. కవాటము శక్తిని పుట్టించదు. తలుపును తగిన వేళకు తీసి, తగిన వేళకు మూయును. విద్యార్థులు పై లెక్కను 6,000 చుట్లకు చేసి చూచినచో, ఆ వేళ యొక్క విలువ వారికే తెలియగలదు.