బండి పైకి... బరువు కిందికి!

గుట్టలెక్కాలంటే బండి ఎత్తుగా ఉండాలి. బోల్తా పడకూడదంటే బరువు కిందుండాలి. ఈ పేచీ తీర్చడమే ఆఫ్‌రోడ్ వాహనం తయారీలో అసలు పని. ఇంజినీరింగ్ కాలేజీల వర్క్‌షాపుల్లో కుర్రకారు ఏటా ఆ పంచాయితీలోనే తలమునకలై ఉంటారు.

గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి చక్రం ఒకటి కాలవగట్టు మీద గోతిలో దిగితే ఏమవుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. అంతే బరువున్న ధాన్యం బస్తాలు వేసుకున్న బండి మాత్రం ఆ గోతిని దాటి తన దారిన తాను పోతుంది. రెండిట్లో బరువు ఒకటే, అది ఉన్న ఎత్తే వేరు. గురుత్వ కేంద్రం గురించి తెలుసుకోవాల్సిందంతా ఇందులోనే ఉంది.

దీన్ని లెక్కలో చెప్పడమూ తేలికే. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించాలి. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. అమెరికా రహదారి భద్రతా సంస్థ బోల్తా ముప్పును అంచనా కట్టడానికి వాడేదీ ఈ అంకెనే. మామూలు కార్లకు ఇది చాలావరకు 1.3 నుంచి 1.5 దాకా ఉంటుంది. ఎత్తయిన ఎస్‌యూవీలకు 1 నుంచి 1.3 మధ్య.

పది హార్స్‌పవర్ పరీక్ష

అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1976లో మొదలైన ‘బాహా’ అనే విద్యార్థుల ఆఫ్‌రోడ్ బండ్ల పోటీ 2007లో మన దేశానికొచ్చింది. ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో జరిగే ఈ పోటీలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల జట్లూ వెళ్తుంటాయి. ఒక్కరే కూర్చునే బండిని విద్యార్థులే తయారుచేయాలి. ఏళ్లపాటు అన్ని జట్లకూ ఒకే ఇంజిన్: 305 సీసీ, 10 హార్స్‌పవర్. మహీంద్రా ఆల్ఫా ఆటో గేర్‌బాక్సు, మారుతీ 800 బ్రేకు భాగాలు ఎన్నో జట్ల బండ్లలో కనిపిస్తాయి. ఇంజిన్ అందరికీ ఒకటే అయినప్పుడు గెలుపోటములు తేలేది సామాను అమరికలోనే. చివర్న నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు. గుంతలు, దిబ్బలు, బురద... అమరికలో లోపమేదైనా ఉంటే అక్కడ దాగదు.

అన్నిటికంటే బరువు డ్రైవరే

బండి కిందికుండాలని సస్పెన్షన్ దించేస్తే మొదటి రాయికే అడుగు తగులుతుంది. పోనీ అని మొత్తం బండిని అయిదు సెంటీమీటర్లు లేపితే గురుత్వ కేంద్రమూ దాదాపు అంతే లేస్తుంది. అందుకే బండిని ఉన్న ఎత్తులోనే ఉంచి, లోపలి సామాన్లను ఒక్కొక్కటిగా కిందికి దించుకుంటూ రావాలి.

ఏది దించితే ఎంత లాభం? డ్రైవర్‌తో కలిపి బండి 250 కిలోలు అనుకుందాం. పాతిక కిలోల ఇంజిన్‌ని 10 సెంటీమీటర్లు దించితే గురుత్వ కేంద్రం ఒక్క సెంటీమీటరే దిగుతుంది. 65 కిలోల డ్రైవర్ సీటును అంతే దించితే 2.6 సెంటీమీటర్లు! కాబట్టి డిజైన్ మొదలయ్యేది సీటు దగ్గర. సీటును ఇష్టమొచ్చినంత దించడానికీ లేదు. దారి కనబడాలి, ప్రమాదం జరిగితే డ్రైవర్ అయిదు సెకన్లలో బయటపడాలి. హెల్మెట్‌కీ పై పైపులకీ మధ్య ఆరంగుళాల ఖాళీ తప్పనిసరి. ప్రాణం కాపాడే రోల్‌కేజ్ పైపులు ఎటూ పైనే ఉండాలి, వాటి బరువు తప్పదు. ఆ బరువుకి విరుగుడుగా కింద ఇనుము కలపడం తెలివితక్కువ పని, పది హార్స్‌పవర్ ఇంజిన్ దాన్నీ మోయాలిగా!

చక్రాలను దూరం జరపడం ఇంకో దారి. దానికీ హద్దుంది: బండి మొత్తం వెడల్పు 162 సెంటీమీటర్లు దాటకూడదు.

తూకంలో తేలే నిజం

కంప్యూటర్ డిజైన్ చెప్పిన ఎత్తు నిజమో కాదో వర్క్‌షాపులో తేల్చేది తూకమే. షాకబ్జార్బర్లు విప్పి వాటి చోట ఇనుప కడ్డీలు బిగిస్తారు, బండి వంగకుండా. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, డ్రైవర్‌ని కూర్చోబెట్టి బరువులు రాసుకుంటారు. తర్వాత వెనక చక్రాలను జాకీతో లేపి, బండి 20 డిగ్రీలు వాలాక ముందు కాటాలను మళ్లీ చూస్తారు. బరువు ఎంత పైనుంటే ముందుకి అంత ఎక్కువ జరుగుతుంది.

మన 250 కిలోల బండికి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 150 సెంటీమీటర్లు, ముందుకు జరిగిన బరువు 13 కిలోలు అనుకుంటే, గురుత్వ కేంద్రం చక్రం ఇరుసుకి 21 సెంటీమీటర్ల పైన ఉన్నట్టు. ఇరుసు ఎత్తు 28 కలిపితే నేల నుంచి 49. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 130 అయితే నిలకడ అంకె 1.33. కాగితం మీద ఈ బండి పక్కకి 53 డిగ్రీలు వాలే దాకా పడదు. టైర్లు, స్ప్రింగులు ఒకవైపు నొక్కుకుపోతాయి కాబట్టి నిజంగా అంతకంటే ముందే పడుతుంది.

హమ్‌వీ చూపిన దారి

అమెరికా సైన్యం వాడిన హమ్‌వీకి నేలకీ అడుగుకీ మధ్య 16 అంగుళాల ఖాళీ. అయినా అది 40 శాతం, అంటే సుమారు 22 డిగ్రీల పక్కవాలు మీద నడవగలదు. చక్రాల దగ్గరే చిన్న గేర్లు పెట్టి, ఇంజిన్ శక్తిని తెచ్చే షాఫ్టులను చక్రం మధ్యభాగం కంటే పైకి తీసుకెళ్లారు. గేర్‌బాక్సు వగైరా కింద వేలాడకుండా క్యాబిన్ మధ్యలోకి చేరాయి. దానికి ఇటూ అటూ నలుగురూ కిందికి దిగి కూర్చుంటారు. ఏడడుగుల వెడల్పు మిగతా పని చేసింది. లోపల ఇరుకే, కానీ బండి నిలబడుతుంది.

మన ఇళ్ల ముందు కార్లకు

ఈ లెక్క రేసు బండ్లకే పరిమితం కాదు. 1,800 కిలోల ఎస్‌యూవీ గురుత్వ కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. 190 సెంటీమీటర్ల ఎత్తున క్యారియర్ మీద వంద కిలోల లగేజీ కట్టగానే అది 76 దాటుతుంది. చక్రాల మధ్య దూరం 152 అయితే నిలకడ అంకె 1.09 నుంచి 1కి పడిపోతుంది. అదే లగేజీని సీట్ల మధ్య కింద పెడితే ఈ తిప్పలుండవు. లిఫ్ట్ కిట్లు, పెద్ద టైర్లు వేయించడమూ బరువుని పైకెత్తడమే. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు కూడా.

షోరూముకెళ్లిన ప్రతివాళ్లూ గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతని అడుగుతారు. చక్రాల మధ్య వెడల్పెంతో కూడా అడగండి. ఎత్తు పెరిగి వెడల్పు పెరగకపోతే, దానికి చెల్లించాల్సిన ధర మలుపులో తెలుస్తుంది.