తాతయ్య ఫోన్‌లో సెహత్ ఓపీడీ ఉంది సరే, ఎమర్జెన్సీ వస్తే?

మా తాతయ్య ఆర్మీలో హవల్దార్‌గా రిటైర్ అయ్యారు. మొన్న ఒక రాత్రి పదకొండింటికి అమ్మమ్మ ఫోన్. "ఒరేయ్, తాతయ్యకి ఛాతీలో బరువుగా ఉందంట. నువ్వు ఫోన్‌లో పెట్టావే డాక్టర్‌ది, అదెలా తెరవాలి?"

హోమ్‌స్క్రీన్ మీద ఆ షార్ట్‌కట్ పెట్టింది నేనే. అది దేనికి పనికిరాదో చెప్పనిదీ నేనే. "అది వద్దు, ముందు 108కి చెయ్" అన్నా. యాంజియోగ్రామ్ దాకా వెళ్లింది, ఇప్పుడు బానే ఉన్నారు.

ఆ షార్ట్‌కట్ సెహత్ ఓపీడీ సైట్‌ది. రక్షణ శాఖ 2021 మే 27న మొదలుపెట్టిన టెలీకన్సల్టేషన్. సైనికులు, మాజీ సైనికులు, వాళ్ల కుటుంబాలు వాడుకోవచ్చు. ఓటీపీతో రిజిస్టర్ అయి టోకెన్ తీసుకుంటే డాక్టర్ వీడియోలో చూస్తారు, ఈ-ప్రిస్క్రిప్షన్ ఇస్తారు. బీపీ మందు గురించి అడగాలన్నా, రిపోర్ట్ చూపించాలన్నా సూపర్. కానీ పేరులోనే ఓపీడీ ఉంది కదా! ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, ఊపిరాడకపోవడం లాంటివాటికి టోకెన్ పట్టుకుని కూర్చోకూడదు. నేరుగా 108 లేదా 112.

మరి హాస్పిటల్ ఏది? ఎమర్జెన్సీలో దగ్గర్లో ఉన్నదానికే వెళ్లొచ్చు. ఈసీహెచ్‌ఎస్ ఎంప్యానెల్డ్ హాస్పిటల్ అయితే క్యాష్‌లెస్. కాకపోతే ముందు మనం కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలి, అందుకు 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. టెన్షన్‌లో అందరూ మర్చిపోయేది ఇదే. అందుకే పాలీక్లినిక్ నంబర్ తాతయ్య ఫోన్‌లోనే కాదు, మీ ఫోన్‌లో కూడా సేవ్ చేయండి. ఈసీహెచ్‌ఎస్ కార్డు ఫొటో కూడా.

ఇక ఫోన్ సెట్టింగ్స్. ఆండ్రాయిడ్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలోకి వెళ్లి బ్లడ్ గ్రూప్, వాడే మందులు, అలర్జీలు, ఇంట్లోవాళ్ల నంబర్లు నింపండి. ఐఫోన్‌లో దీన్నే మెడికల్ ఐడీ అంటారు. లాక్‌స్క్రీన్‌లో కనిపించే ఆప్షన్ ఆన్ చేస్తే, పిన్ తెలియకపోయినా అంబులెన్స్ వాళ్లు చూడగలరు. అక్కడే ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ కూడా ఉంటుంది. చాలా ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే చాలు. తాతయ్య జేబులో ఫోన్ పెట్టుకుని ఒకసారి పొరపాటున నొక్కేశారు కూడా, కౌంట్‌డౌన్ సౌండ్ విని అమ్మమ్మే క్యాన్సిల్ చేసింది.