బస్సు దారి తెలిశాకే అంతస్తులు

గుంటూరు శివార్లలో మా చెల్లెలు స్థలం కొన్నప్పుడు వెంచర్ వాళ్లు సిమెంటు రోడ్లు, పార్కు, కరెంటు స్తంభాలు అన్నీ తిప్పి చూపించారు. బస్సు సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా మేనకోడలు కాలేజీకి వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాకా నాన్న బండి, అక్కణ్ణించి షేర్ ఆటో. ఆర్టీసీని తిట్టి లాభం లేదు. సగం ప్లాట్లు ఖాళీ, ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి. అలాంటి చోటికి బస్సు వేస్తే ఎక్కేవాళ్లేరీ?

ఇలా కాకూడదనే, టౌన్ ప్లానింగ్ పాఠాలు చెప్పే నేను కొత్తగా చేరిన పిల్లలకు మొదట బ్రెజిల్‌లోని కురిటిబా మ్యాపు చూపిస్తాను. ఊరు ఎటు పెరగాలో ఆ నగరం 1966 మాస్టర్ ప్లాన్‌లోనే తేల్చుకుంది. 1971లో మేయరైన ఆర్కిటెక్ట్ జైమె లెర్నర్ దాన్ని అమల్లో పెట్టాడు. 1974లో బస్సులకే కేటాయించిన దారులు మొదలయ్యాయి. రోడ్డు నడుమ బస్సులు, వాటికి అటూ ఇటూ దుకాణాలకూ ఇళ్లకూ వెళ్లే బళ్లు, ఒక వీధి అవతల ఊళ్లోకి ఒక వన్‌వే, ఇవతల బయటికి ఇంకో వన్‌వే. అసలు కీలకం అనుమతుల్లో ఉంది. ఎత్తైన భవనాలు ఆ రోడ్ల వెంటే కట్టాలి, దూరం జరిగేకొద్దీ అంతస్తులు తగ్గాలి. నడిచి వెళ్లే దూరంలో జనం ఎక్కువుంటే బస్సు నిండుతుంది, నిండితే వెంటవెంటనే ఇంకోటి వస్తుంది, అలా వస్తేనే మనం బండి తీయడం మానతాం.

అక్కడా లోపముంది. బస్సు దారి పక్కన స్థలాల ధరలు పెరిగి పేదలు చాలామంది ఊరి బయటికి పోయారు. మనం అలా చేస్తే పేదల ఇళ్లకు చోటు ముందే తీసిపెట్టాలి.

మన విజయవాడలోనూ బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) రోడ్డు వేశారు. పేరు నిలిచింది, బస్సులకే ప్రత్యేకమైన దారి నిలవలేదు. మన దగ్గర మాస్టర్ ప్లాన్ పట్టణాభివృద్ధి సంస్థది, బస్సులు ఆర్టీసీవి, ప్లాన్ అప్రూవల్ కార్పొరేషన్‌ది. కురిటిబాలో ప్రణాళిక సంస్థా, బస్సుల సంస్థా రెండూ నగరపాలన కిందే ఉన్నాయి. మన దగ్గర కనీసం ఈ మూడు సంస్థలూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒకే మ్యాపు మీద సంతకం పెట్టాలి.

మీ ఊరి ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు కోరుతూ ప్రకటన వస్తుంది. పొలం నివాస ప్రాంతంగా మారిన చోటల్లా, ఇక్కడికి బస్సు ఏ రోడ్డు మీద వస్తుందని రాతపూర్వకంగా అడగండి. గడువు దాటకముందే అడగండి.